స్థానిక మొక్కలతో వాననీటిని ఆవరణలోనే ఇంకించడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

గట్టి వాన పడ్డ ప్రతిసారీ డాబా మీది నీరు గొట్టంలోంచి దూకి, సిమెంటు నేల మీదుగా పారి వీధిలో కలుస్తుంది. పోతూ పోతూ మట్టిని, బండి నూనె మరకల్ని, చెత్తను కూడా మోసుకుపోతుంది. ఆ నీటిని మొక్కలతో ఆపి నేలలోకి దింపాలంటే ఏం చేయాలి, ఏది ముందు, ఏది వెనక అని చాలామంది అడుగుతున్నారు. అందుకే పని మొత్తం వరసలో రాస్తున్నాను.

చేసేది ఇంతే. నీరు పారే దారిలో లోతు తక్కువగా, వెడల్పుగా ఒక పల్లం తవ్వుతాం. దిగువ వైపు చిన్న గట్టు పోస్తాం. లోపల స్థానిక మొక్కలు నాటుతాం. దీన్ని రెయిన్ గార్డెన్ అంటారు. ఇక్కడ సులువుగా మడి అని రాస్తాను.

మడి చెరువు కాదన్న సంగతి మొదటి నుంచీ గుర్తుంచుకోండి. వాన పడ్డాక నిండాలి, ఒక రోజులో ఎండాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు అది పొడి నేలే. అందుకని నీళ్లలో పెరిగే మొక్కలు తెచ్చి నాటితే ఎండాకాలానికి ఒక్కటీ మిగలదు. ఒక రోజు మునిగినా, నెలల తరబడి నీరు లేకపోయినా తట్టుకునే మొక్కలు కావాలి. వానల్లో పారి ఎండల్లో ఎండిపోయే వాగుల గట్ల మీద అలాంటివే పెరుగుతాయి. ఎంపికంతా అక్కడి నుంచే మొదలవ్వాలి.

## 1. ముందు వానలో నిలబడి చూడండి

పలుగు, పార పట్టే ముందు రెండు మూడు గట్టి వానల్లో గొడుగేసుకుని ఆవరణంతా తిరగండి. నీరు ఎక్కడ పడుతోంది, ఎటు తిరుగుతోంది, ఎక్కడ జోరందుకుంటోంది అన్నది ఫోన్‌లో వీడియో తీసుకోండి. వాన వెలిశాక ఇవేవీ గుర్తుండవు.

వాన ఆగిన గంటకు ఒకసారి, మర్నాడు పొద్దున మరోసారి చూడండి. అప్పటికీ నీరు నిలిచి ఉన్న చోట పుల్లలు గుచ్చి గుర్తు పెట్టండి.

వానలో చూడటం కుదరకపోతే నేలనే చదవచ్చు. నేల ఆరాక సన్నని ఇసుక గీతలు మిగులుతాయి. ఎండుటాకులు, పుల్లలు ఒక వరసలో పేరుకుని ఉంటాయి. ఆ వరస నీటి అంచు. ఇసుక గీత నీరు నడిచిన దారి. గడ్డి ఒకే వైపు వాలి ఉంటే అది ప్రవాహం దిశ.

రాసుకోవలసినవి:

- డాబా నుంచి ఎన్ని గొట్టాలు దిగుతున్నాయి, ఒక్కోదానికి డాబాలో ఎంత భాగం నీరు వస్తోంది
- సిమెంటు నేల నుంచి, బయటి దారి నుంచి వచ్చే నీరు ఎంత
- నీరు ఆవరణ దాటి బయటికి పోయే చోటు
- మర్నాటికి కూడా ఇంకని గుంటలు

## 2. చోటు ఎంచుకోవడం

అందరికీ ముందు తట్టేది ఎప్పుడూ నీరు నిలిచే గుంట. మడికి అది పనికిరాదు. నీరు అక్కడ నిలుస్తోందంటేనే ఆ నేల ఇంకించుకోవడం లేదని అర్థం. మడిని ఆ గుంటకు ఎగువన, నీరు అక్కడికి చేరే దారిలో పెట్టండి. నీరు ముందే ఆగితే గుంట బాధ కూడా తగ్గుతుంది.

పునాదికి కనీసం 10 అడుగుల దూరం ఉండాలి. నల్లరేగడి అయితే ఇంకా దూరం జరపండి, వీలైతే 15 అడుగులు. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఆ కదలిక గోడలకు మంచిది కాదు. పక్కవాళ్ల ప్రహరీకి, పునాదికి కూడా ఇదే దూరం పాటించండి.

తవ్వే ముందు సరిచూసుకోండి:

- కింద కరెంటు కేబుల్, నీటి పైపు, మురుగు పైపు లేవు
- సెప్టిక్ ట్యాంకు, సంపు, తాగునీటి బావి, బోరు దగ్గరలో లేవు
- పెద్ద చెట్టు మొదట్లో కాదు (వేళ్లు నరికితే చెట్టు దెబ్బతింటుంది)
- రోజులో సగమైనా ఎండ పడుతుంది
- మడి నిండి పొర్లితే ఆ నీరు పోవడానికి హాని లేని దారి ఉంది
- వాలు మరీ ఎక్కువ లేదు. 100 అడుగుల దూరంలో 12 అడుగులకు మించి దిగుతుంటే ఈ పద్ధతి వద్దు, 11వ భాగం చూడండి

బండ్లు కడిగే చోటి నీరు, రసాయనాలు కలిసే నీరు మడిలోకి రానివ్వకండి. మొదటి మడికి డాబా నీరే మంచిది. అందులో మట్టి తక్కువ, నూనె ఉండదు.

## 3. నేల ఎంత తాగుతుందో పరీక్షించండి

చాలామంది వదిలేసే పని ఇదే. మడి పాడవడానికి మొదటి కారణం కూడా ఇదే. ఒక పూట చాలు, తప్పకుండా చేయండి.

1. మడి వేయదలచిన చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీయండి. గోడలు పార దెబ్బకు నున్నగా అయితే పుల్లతో గీకి గరుకు చేయండి.
2. గుంత నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. ఈసారి లెక్క పెట్టవద్దు. పొడి నేల మొదటి నీటిని ఆశగా పీల్చేస్తుంది.
3. మళ్లీ నింపండి. అంచున స్కేలు నిలబెట్టి గంటకోసారి ఎన్ని అంగుళాలు దిగిందో రాయండి.
4. మూడు నాలుగు గంటల లెక్క తీసి సగటు చూడండి.

ఫలితాన్ని ఇలా అర్థం చేసుకోండి:

- గంటకు అంగుళం, అంతకంటే ఎక్కువ: చాలా మంచి చోటు.
- అర అంగుళం నుంచి అంగుళం: సరిపోతుంది. 6 అంగుళాల లోతు మడి వేయొచ్చు.
- పావు నుంచి అర అంగుళం: లోతు 4 అంగుళాలు దాటనివ్వకండి, వెడల్పు పెంచండి.
- పావు అంగుళం కంటే తక్కువ: ఇంకో చోటు వెతకండి.

లెక్క వెనక సంగతి తేలికే. మడిలో 6 అంగుళాల నీరు ఒక రోజులో దిగాలంటే గంటకు పావు అంగుళం చొప్పున ఇంకాలి. కాలం గడిచేకొద్దీ సన్న మట్టి మేట వేసి వేగం తగ్గుతుంది కాబట్టి కొంత వెసులుబాటు ఉంచుకుంటాం.

నల్లరేగడి వాళ్లకు ఒక హెచ్చరిక. ఎండాకాలంలో ఆ నేల నెర్రెలిచ్చి ఉంటుంది. అప్పుడు పరీక్షిస్తే నీరు నెర్రెల్లోంచి జారిపోయి, నేల అద్భుతంగా ఇంకిస్తోందని పొరబడతాం. రెండు వానలు పడగానే నెర్రెలు మూసుకుపోతాయి. కాబట్టి వానలు మొదలయ్యాక, నేల బాగా నానిన తర్వాతే పరీక్షించండి.

మీది ఏ నేలో తెలియకపోతే తడి మట్టిని బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా ముందుకు తోయండి. రెండు అంగుళాలు తెగకుండా సాగితే జిగురు ఎక్కువున్న బంకమట్టి. అంగుళం లోపే విరిగిపోతే ఇసుక పాలు ఎక్కువ.

## 4. మడి ఎంత పెద్దది కావాలి?

ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే ఒక లీటరు నీరు. ఇదొక్కటి తెలిస్తే చాలు.

మీ డాబా 1000 చదరపు అడుగులు అనుకుందాం. అంటే దాదాపు 93 చదరపు మీటర్లు. 25 మి.మీ. వాన పడితే సుమారు 2,300 లీటర్లు. డాబా తడవడానికి, గుంటల్లో మిగలడానికి పదో వంతు తీసేయండి. దాదాపు 2,100 లీటర్లు గొట్టంలోంచి దిగుతాయి.

ఆ నీటిని 6 అంగుళాల లోతున నిలపాలంటే 150 చదరపు అడుగుల మడి కావాలి. 10 అడుగులు వెడల్పు, 15 అడుగులు పొడవు. పక్కలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి లోపల పట్టేది కాస్త తగ్గుతుంది. ఆ మేరకు కొలతలు కొంచెం పెంచుకోండి. లోతు 4 అంగుళాలే అయితే 225 చదరపు అడుగులు కావాలి.

గొట్టాలు నాలుగు ఉండి, మడిలోకి ఒక్కటే వస్తుంటే డాబాలో ఆ గొట్టం కింది భాగాన్నే లెక్కలోకి తీసుకోండి.

అంత చోటు లేదని మానుకోవద్దు. ఏడాదిలో కురిసే వానల్లో చిన్నవే ఎక్కువ. లెక్కలో సగం ఉన్న మడి కూడా చిన్న వానల్ని పూర్తిగా మింగేస్తుంది. పెద్ద వానలో మొదటి నీటిని పట్టి, మిగతాది అలుగు (మడి నిండితే నీరు పొర్లిపోవడానికి గట్టులో వదిలే కోత) మీదుగా వదులుతుంది. లోతు పెంచి చోటు ఆదా చేద్దామని మాత్రం అనుకోకండి. 8 అంగుళాలు దాటితే నీరు ఎక్కువసేపు నిలుస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం కూడా.

## 5. మొక్కలు ఎంచుకోవడం

నర్సరీకి వెళ్లే ముందు దగ్గర్లోని వాగు గట్టుకు రెండుసార్లు వెళ్లండి. ఒకసారి వానల్లో, ఇంకోసారి నడి ఎండల్లో. రెండుసార్లూ పచ్చగా, లేదా కనీసం ప్రాణంతో కనిపించిన మొక్కలే మీ జాబితా. నీటికి ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూసుకోండి. వాగు అడుగున ఉన్నవి మడి అడుగుకు, గట్టు మీదివి మడి గట్టుకు.

అక్కడ నుంచి మొక్కల్ని పీక్కు రావద్దు. గింజలు సేకరించండి, కొమ్మలు తీసుకోండి. రక్షిత అడవిలో అదీ వద్దు. పేర్లు తెలుసుకుని నర్సరీలో అడగండి. కొన్నిచోట్ల తెచ్చిపెట్టమని ముందే చెప్పాలి, అందుకే ఈ పని తవ్వకానికి నెల ముందే మొదలుపెట్టండి.

మడిని మూడు అంతస్తులుగా చూడండి.

అడుగు భాగం. వాన పడ్డ రోజు పూర్తిగా మునుగుతుంది. ఇక్కడ వట్టివేరు చేసే పని ఇంకే మొక్కా చేయదని నా అభిప్రాయం. వేళ్లు పక్కలకు పోకుండా నిటారుగా, అనుకూలమైన నేలలో రెండు మూడు మీటర్ల దాకా దిగుతాయి. నీరు ఆ వేళ్ల వెంట దారి చేసుకుంటుంది. మునకనూ, ఎండనూ రెంటినీ ఓర్చుకుంటుంది. దర్భ కూడా గట్టిదే, కాకపోతే భూమిలోపల పాకుతూ విస్తరిస్తుంది. దానికి వేరే మూల ఇవ్వండి. నీడ, తేమ ఎక్కువున్న చోట సరస్వతి ఆకు నేలను కప్పేస్తుంది. ఎండల్లో అప్పుడప్పుడు తడి ఇవ్వగలిగితేనే అది వేయండి.

పక్కల ఏటవాలు. కాసేపు మునిగి త్వరగా ఆరుతుంది. ఇక్కడ వావిలి. ఆకు అడుగున వెండి రంగు నూగు, ఒక్కో కాడకు మూడు నుంచి అయిదు సన్నని ఆకులు. వాగుల పక్కన గుంపులుగా కనిపించేది ఇదే. పశువులు పెద్దగా ముట్టవు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, నరికితే మళ్లీ చిగురిస్తుంది. వదిలేస్తే చిన్న చెట్టంత అవుతుంది కాబట్టి ఏటా కత్తిరించాలి. అడ్డసరం కూడా ఈ అంతస్తు పైభాగానికి సరిపోతుంది.

గట్టు, అంచు. నీరు తాకదు, ఎండ ఎక్కువ. తంగేడు ఇక్కడ బాగుంటుంది, అడుగున పెడితే వేరు కుళ్లి చస్తుంది. నేలబారుగా విష్ణుక్రాంతం వేయండి. గట్టు బయటి వైపు మట్టి జారకుండా గరిక పట్టించండి. గరికను మడి లోపలికి రానిస్తే చిన్న మొక్కల్ని మింగేస్తుంది, అందుకే గట్టు లోపలి అంచున నెలకోసారి కోయాలి.

చెట్లకు చోటుంటే కానుగ, నేరేడు, మద్ది నీటి తడిని బాగా తట్టుకుంటాయి. వాటిని మడి లోపల కాక, పొర్లిన నీరు పోయే దారి పక్కన, ఇంటికి దూరంగా వేయండి.

ఎన్ని రకాలు వేయాలి? చిన్న మడికి నాలుగైదు చాలు. ఒక్కో రకం అయిదారు మొక్కలు గుంపుగా నాటండి. సగానికి పైగా గడ్డి జాతులే ఉండాలి. నేలను పట్టి ఉంచేది, వదులు చేసేది వాటి వేళ్లే.

వద్దనుకోవలసినవి:

- మెట్టతామర: తడిలో బాగా పెరుగుతుంది, అందరూ స్థానికమనుకుంటారు. కానీ అది అమెరికా ఖండాల మొక్క.
- లాంటానా, వయ్యారిభామ, సర్కారు తుమ్మ, లొట్టపీసు, గుర్రపుడెక్క: ఇవీ బయటి నుంచి వచ్చినవే. ఒక్కసారి పాతుకుంటే వదలవు, నీటితో కలిసి కిందికీ పోతాయి.
- జమ్ము: స్థానికమే, కానీ నిలవ నీరు కావాలి. చిన్న చోటంతా ఆక్రమిస్తుంది.

## 6. తవ్వకం

వానాకాలానికి ముందు, నేల కాస్త చెమ్మగా ఉన్నప్పుడు తవ్వండి. బాగా తడిసిన బంకమట్టిని తవ్వితే, తొక్కితే అది ఇటుకలా బిగుసుకుంటుంది.

కావలసినవి: గడ్డపార, పార, తట్టలు, తాడు, మేకులు, ముగ్గు, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, దిమ్మిస, ఒక వెడల్పాటి చెక్క.

1. తాడుతో ఆకారం వేసి, దాని మీద ముగ్గు పోయండి. పొడవు వైపు వాలుకు అడ్డంగా ఉండాలి.
2. పై 8 అంగుళాల మంచి మట్టిని తీసి ఒక పక్క కుప్ప పోయండి.
3. దాని కింది మట్టిని కావలసినంత తీసి దిగువ వైపు గట్టుగా పోయండి. ఎగువ వైపు గట్టు వేయవద్దు, నీరు వచ్చేది అటు నుంచే.
4. అడుగున ఇంకో అడుగు లోతు గడ్డపారతో గుచ్చి వదులు చేయండి. ఆ మట్టి తీయనక్కర్లేదు.
5. పక్కన పెట్టిన మంచి మట్టిలో అయిదో వంతు బాగా మాగిన కంపోస్టు కలిపి తిరిగి పరవండి. కంపోస్టు ఎక్కువైతే దానిలోని పోషకాలు నీటితో కొట్టుకుపోతాయి.
6. లెవెల్ పైపుతో అడుగు చదును చూడండి. ఒక మూల రెండు అంగుళాలు పల్లంగా ఉన్నా నీరంతా అక్కడికే చేరి ఆ మొక్కలు చస్తాయి.
7. పక్కలు నిటారుగా ఉండకూడదు. ఒక అడుగు లోతుకు కనీసం మూడు అడుగులు ఏటవాలుగా రావాలి.
8. గట్టును పొరలు పొరలుగా పోసి, ఒక్కో పొరను దిమ్మిస కొట్టండి. పైన అడుగు వెడల్పు ఉండాలి.

పని చేసేటప్పుడు మడి అడుగున నేరుగా నిలబడకండి. చెక్క వేసుకుని దాని మీద నిలబడండి. వదులు చేసిన నేలను మన పాదాలే మళ్లీ గట్టిపరుస్తాయి.

బంకమట్టిని వదులు చేయడానికి కొంచెం ఇసుక కలపమని చెబుతుంటారు. కొంచెం ఇసుక కలిపితే మట్టి ఇంకా గట్టిపడుతుంది. కలిపితే సగానికి పైగా ఇసుకే ఉండేలా మట్టిని మార్చాలి, లేదంటే కంపోస్టుతో, గడ్డి వేళ్లతో సరిపెట్టాలి. ఇంటి మడికి రెండోదే మేలు.

## 7. నీరు వచ్చే నోరు, పోయే అలుగు

గొట్టంలోంచి నీరు వేగంగా వచ్చి నేరుగా మట్టి మీద పడితే మొదటి వానకే గొయ్యి పడుతుంది. నోటి దగ్గర రెండు మూడు అడుగుల మేర పిడికిలంత రాళ్లు పరవండి. మధ్యలో రెండు మూడు పెద్ద రాళ్లు సగం దాకా పాతితే నీరు వాటికి కొట్టుకుని చీలి, మడంతా పరుచుకుంటుంది.

నోటి ముందు ఒక చిన్న గుంట వదలండి. మట్టి, ఆకులు అందులోనే పడిపోతాయి. మడంతా శుభ్రం చేసే బదులు ఆ గుంట ఒక్కటి ఎత్తిపోస్తే సరిపోతుంది.

అలుగు లేని మడి వేయవద్దు. ఎంత పెద్దది తవ్వినా దాన్ని నింపే వాన ఒకటి వస్తుంది. గట్టు మీద, ఇంటికి దూరంగా ఉన్న చోట, ఒకటిన్నర అడుగుల వెడల్పున గట్టు తల కంటే కనీసం 3 అంగుళాలు తక్కువగా కోయండి. ఆ కోతలోనూ, బయటి వైపు నేల మీదా రాళ్లు పరవండి. మడి లోతు లెక్క అలుగు మట్టం నుంచే. అడుగున పరిచిన మల్చ్ (నేలను కప్పే బెరడు, కొమ్మ ముక్కల పొర) పై నుంచి అలుగు దాకా 6 అంగుళాలు, నెమ్మదిగా ఇంకే నేలలో 4 అంగుళాలు ఉండాలి.

పక్కవాళ్ల స్థలంలోకి అలుగు తెరవకండి.

ఇంకుడు గుంత ఉన్నవాళ్లు అలుగు నీటిని దానిలోకి వదలవచ్చు. మట్టి మడిలోనే ఆగుతుంది కాబట్టి ఇంకుడు గుంత త్వరగా పూడదు.

మొక్కలు పెట్టే ముందు ఒకసారి గొట్టం పెట్టి మడి నింపి చూడండి. నీరు అంతటా సమంగా పరుచుకుంటోందా, అలుగు మీదుగానే పొర్లుతోందా, మర్నాటికి ఇంకిందా? తప్పుంటే ఇప్పుడు సరిచేయడం గంట పని. మొక్కలు నాటాక కష్టం.

## 8. నాటడం

రెండు మూడు మంచి వానలు పడి నేల నానాక నాటండి. తొలి కుండపోతకు ముందు నాటితే మొక్కలు లేచిపోతాయి.

చిన్న మొక్కలే కొనండి. పెద్ద మొక్క చూడటానికి బాగున్నా, సంచిలో వేళ్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, కొత్త నేలలో నిలదొక్కుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

1. ముందు కుండీలతో, సంచులతోనే మడిలో సర్ది చూసుకోండి. గడ్డి జాతులకు అడుగు నుంచి అడుగున్నర, పొదలకు మూడు నాలుగు అడుగుల దూరం ఇవ్వండి.
2. సంచి పూర్తిగా తీసేయండి. చుట్టుకున్న మొక్క వేళ్లను చేత్తో మెల్లగా విడదీయండి.
3. మొక్క మొదలు నేల మట్టానికి సరిగ్గా ఉండాలి. లోతుగా పెడితే నీరు నిలిచి కుళ్లుతుంది.
4. చుట్టూ మట్టి నొక్కి, వెంటనే నీళ్లు పోయండి.
5. రెండు మూడు అంగుళాల మందాన మల్చ్ పరవండి. మొదలుకు తగలకుండా చుట్టూ కొంచెం ఖాళీ ఉంచండి.

మల్చ్ విషయంలో ఒక్క జాగ్రత్త. ఎండుటాకులు, తేలికైన చెక్క పొట్టు నీటి మీద తేలి నేరుగా అలుగును మూసేస్తాయి. పీచులా చీల్చిన బెరడు, ముక్కలు చేసిన గట్టి కొమ్మలు ఒకదానికొకటి చిక్కుకుని కదలకుండా ఉంటాయి.

మొదటి మూడు నాలుగు వారాలు గొట్టం నీటిని ఇసుక బస్తాలతో పక్కకు మళ్లించండి. మడి మీద నేరుగా పడే వాన ఆ రోజుల్లో చాలు. వేళ్లు పట్టాయో లేదో మొక్కను మెల్లగా పైకి లాగి చూస్తే తెలుస్తుంది. కదలకపోతే బస్తాలు తీసేయండి.

## 9. మొదటి ఏడాది చేయవలసినవి

స్థానిక మొక్కలకు నీరు అక్కర్లేదని వదిలేసేవాళ్లు చాలామంది. ఆ మాట వేళ్లు లోతుకు దిగాకే నిజం. మొదటి ఎండాకాలం వారానికోసారి, ఎండలు ముదిరాక రెండుసార్లు, వేరు దాకా తడిసేలా పోయండి. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి.

- ప్రతి గట్టి వాన తర్వాత: నోరు, అలుగు, గట్టు చూడాలి
- 15 రోజులకోసారి: కలుపు చేత్తో పీకాలి, విత్తనం పట్టకముందే
- నెలకోసారి: నోటి ముందు గుంటలో పడిన మట్టి ఎత్తిపోయాలి
- వానలకు ముందు: వట్టివేరు లాంటి గడ్డిని 8 అంగుళాలు వదిలి కోయాలి, వావిలి కత్తిరించాలి, మల్చ్ తగ్గితే నింపాలి

ఎరువులు, కలుపు మందులు వద్దు. మడిలో వేసింది ఏదైనా నీటితో భూమిలోకే దిగుతుంది.

రెండో ఏడాది మొక్కలు కలిసిపోయి నేల కనిపించదు. కలుపు పని అక్కడితో బాగా తగ్గుతుంది.

## 10. సాధారణంగా వచ్చే తప్పులు, సవరణలు

రెండు రోజులైనా నీరు ఇంకడం లేదు. ముందు అడుగున పేరుకున్న సన్న మట్టిని పై అంగుళం మేర గీకి తీయండి. అయినా మారకపోతే నేల ఆరాక మొక్కల మధ్య గడ్డపారతో లోతుగా గుచ్చండి. అప్పటికీ కాకపోతే అలుగును రెండు అంగుళాలు దించి లోతు తగ్గించండి. నాటకుండానే జమ్ము మొలిచిందంటే నీరు నిలిచిపోతోందని గట్టి గుర్తు.

దోమలు వస్తాయేమో అని టెన్షన్. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేసరికి మామూలుగా వారం పైనే పడుతుంది. నీరు రెండు రోజుల్లో ఇంకిపోతే అవి పెరిగే వీలే లేదు. దోమలు నిజంగానే కనిపిస్తే మడితో పాటు కుండీ పళ్లేలు, మూత లేని డబ్బాలు, డాబా గొట్టం మొదట్లో నిలిచే నీరు కూడా చూడండి.

నీరు మడిలోకి రాకుండా పక్క నుంచి పోతోంది. నోరు ఎత్తుగా ఉంది. మల్చ్, రాళ్లు పేరుకుని రెండు అంగుళాలు లేచినా ఇలా అవుతుంది. రాళ్లు తీసి, కింద మట్టి తగ్గించి మళ్లీ పరవండి.

గట్టు తెగింది. దాదాపు ఎప్పుడూ అలుగు మూసుకుపోవడం వల్లే. లేదా గట్టు పోసేటప్పుడు దిమ్మిస కొట్టకపోవడం వల్ల. తెగిన చోట వదులు మట్టి నింపి సరిపెట్టకండి. రెండు పక్కలా గట్టి మట్టి తగిలే దాకా కోసి, పొరలుగా కొట్టి, గరిక పట్టించండి.

అడుగున మొక్కలు పసుపుబారుతున్నాయి. నీరు ఎక్కువసేపు ఉంటోంది, లేదా గట్టు మీది మొక్క అడుగున పడింది. మొక్క ఏ అంతస్తుదో చూసి జరపండి. మొదటి వానాకాలంలో కొన్ని పోవడం మామూలే. పోయిన చోట బాగా బతికిన రకాన్నే మళ్లీ నాటండి, కొత్త రకంతో ప్రయోగాలు వద్దు.

## 11. వాలు ఎక్కువైనా, చోటు తక్కువైనా

వాలు నేలలో గుంట తవ్వితే గట్టు మీద భారం పెరుగుతుంది. అక్కడ వట్టివేరు వరసలు చాలు. లెవెల్ పైపుతో ఒకే మట్టంలో ఉన్న చోట్లను గుర్తించి, వాలుకు అడ్డంగా గీత గీయండి. ఆ గీత మీద వట్టివేరు పిలకలను నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో నాటండి. ఒక వరసకూ తర్వాతి వరసకూ మధ్య నేల ఒకటి రెండు మీటర్లు దిగేలా చూడండి. నీరు వరస దగ్గర నెమ్మదించి, మోసుకొచ్చిన మట్టిని అక్కడే వదిలేస్తుంది.

వరసలో ఒక్క ఖాళీ ఉన్నా నీరంతా అక్కడి నుంచే దూకి కాలువ చేస్తుంది. మొదటి వానాకాలంలో వారానికోసారి వరసల వెంట నడిచి, పోయిన పిలకల చోట కొత్తవి పెట్టండి.

చోటు తక్కువైతే గొట్టం నుంచి వీధి దాకా పోయే సిమెంటు పట్టీని కొంత తీసి, అడుగున్నర వెడల్పు, 4 అంగుళాల లోతు కాలువగా చేయండి. పునాది పక్కన మాత్రం సిమెంటు అలాగే ఉంచి, 10 అడుగులు దాటాక తవ్వండి. లోపల వట్టివేరు, అంచుల్లో గరిక. అయిదారు అడుగులకోసారి చిన్న రాళ్ల అడ్డుకట్ట పెడితే నీరు ఒక్కో అరలో కాసేపు ఆగి, నిండాక ముందుకు పోతుంది. అడ్డుకట్ట మధ్య భాగం పక్కల కంటే తక్కువగా ఉండాలి, లేకపోతే నీరు పక్కలను కోసుకుని బయటికి పోతుంది.